ఆనుకుంటే పడేది బల్ల కాదు

హోటల్లో ఎత్తు బల్ల బోర్లాపడితే మొట్టమొదటి మాట ఎవరి నోట వస్తుందో, ఏమని వస్తుందో నేను ముందే చెప్పగలను. యజమాని నోట వస్తుంది. "కస్టమర్ ఆనుకున్నాడు" అని వస్తుంది. ఖరగ్‌పూర్‌లో ఈ మాట హిందీలో విన్నాను, బెంగాలీలో విన్నాను, మన తెలుగులోనూ విన్నాను. ఆనుకోక ఏం చేస్తాడయ్యా? మూడున్నర అడుగుల ఎత్తున, మోచేతులకి సరిగ్గా అందేలా పలక బిగించి, ఆనుకోవద్దంటే ఎలా? రైలుపెట్టె తలుపు పక్కన కడ్డీ పెట్టి, పట్టుకోవద్దన్నట్టు ఉంటుంది.

నేను హోటళ్లకి బల్లల స్టాండ్లు చేశాను. పైన వేసే పలక కాదు, కింద నిలబెట్టే ఇనుము. మా తాత, మా నాన్న రైల్వే వర్క్‌షాపులో చేశారు. నాకు ఆ ఉద్యోగం రాలేదు. ఎనిమిదో తరగతి దగ్గర బడి ఆగిపోయింది. ఆ తరవాతి చదువంతా విరిగిన బల్లల కిందే. ఏ హోటల్‌కి వెళ్లినా కుర్చీలో కూర్చోకముందే వంగి బల్ల కింద చూసేవాణ్ణి. మా ఆవిడ సిగ్గుతో చచ్చిపోయేది. నలభై ఏళ్లు చూశాను, ఇంకా చూస్తున్నాను.

మలంచా రోడ్డు మీద నా షెడ్డు ఇప్పుడు తమ్ముడి కొడుకు నడుపుతున్నాడు. ఈ పనిలోకి దిగుతున్నవాళ్లూ, కొత్తగా హోటల్ పెట్టేవాళ్లూ నా దగ్గరికి వచ్చి ఏ స్టాండు తీసుకోవాలని అడుగుతారు. అడిగి ఫోన్ తీసి ఫొటో చూపిస్తారు. ఫొటోలో ఏ స్టాండయినా నిలబడే ఉంటుంది. అందుకని ఒళ్లు మండి ఇది రాస్తున్నాను.

గడ్డపార లెక్క

బండరాయి కింద పొట్టి గడ్డపార పెట్టి లేపండి, లేవదు. పొడుగు గడ్డపార పెట్టండి, చిన్న పిల్ల నొక్కినా లేస్తుంది. ఎత్తు బల్ల స్టాండులో నిలువు పైపు ఆ పొడుగు గడ్డపార. మామూలు బల్లని అంచు మీద ఎంత బలంతో నెడితే ఊగి ఊరుకుంటుందో, అంతే బలంతో నెడితే ఎత్తు బల్ల పడుతుంది. కాబట్టి మామూలు బల్లకి సరిపోయిన అడుగు ప్లేటు దీనికి సరిపోదు. ఇంకో సైజు వెడల్పు కావాలి. రెండడుగుల పలకకి అడుగున ఇరవై రెండు అంగుళాల ప్లేటు వెయ్యమంటాను నేను. పదహారు వేసేవాళ్లున్నారు. వాళ్లని ఏమనాలో ఇక్కడ రాయలేను.

ప్లేటు పోత ఇనుముదయితే మంచిది. పైపు మూడంగుళాలకి తగ్గకూడదు, నాలుగయితే ఇంకా నయం. పైపు లోపల పొడుగు రాడ్డు ఒకటి పైనుంచి కిందికి వస్తుంది. దాన్ని కింద ఒక నట్టు బిగిస్తుంది. స్టాండు ప్రాణం ఆ నట్టులో ఉంటుంది. మొదటి నెలలో అది వదులవుతుంది, తప్పకుండా అవుతుంది. బల్ల తిరగేసి మళ్లీ బిగించాలి. బిగించేవాడు వెయ్యిమందిలో ఒకడు. మిగతావాళ్లు ఊగే బల్ల కింద అగ్గిపెట్టె మడిచి పెడతారు. బల్ల కింద అగ్గిపెట్టె కనబడిన హోటల్లో వంటగది కూడా నమ్మకండి.

మా రైల్వే ఊరి బుర్రలకి ఇంకో జబ్బు ఉంది. బరువుంటే చాలనుకుంటాం. వ్యాగన్లు చూసి పెరిగాం కదా. నేను మొదట చేసిన స్టాండ్లు నలుగురు మోస్తేగాని లేచేవి కావు. తీసుకెళ్లి మా ఊళ్లోనే ఇందా పేటలో ఒక మిఠాయి దుకాణంలో పెడితే, వంకర గచ్చు మీద ఉయ్యాల ఊగాయి. అడుగున తిప్పి ఎత్తు సరిచేసుకునే బోల్టులు పెట్టలేదు. నా బల్లలు రైలు పట్టాల మీద నిలబడవని, గచ్చు మీద నిలబడాలని ఆ దుకాణం ముసలాయన చెప్పాల్సి వచ్చింది.

సిమెంటు కడుపు

సొంతంగా షెడ్డు వేసుకోకముందు ఒక కార్ఖానాలో మూడేళ్లు చేశాను. ఆ యజమాని మంచి దుస్తులు వేసుకునేవాడు, మెత్తగా మాట్లాడేవాడు. ఆయన స్టాండ్లు తళతళలాడేవి. పైన పలచటి రేకు, లోపల సిమెంటు. ఎత్తి చూస్తే బరువుగా ఉంటుంది, కొనేవాడు సంతోషపడతాడు. ఆర్నెల్లకి ఊడ్చే ఆవిడ చీపురు తగిలీ, తడి తగిలీ రేకు తుప్పు పడుతుంది. లోపల సిమెంటు పగిలి గులకరాళ్లలా గలగలమంటుంది. ఒక రోజు ఆయన్ని అడిగాను, సార్, ఇది ఎన్నాళ్లు ఉంటుందని. కొన్నవాడు గదిలోంచి బయటికి వెళ్లేదాకా ఉంటే చాలన్నాడు. ఆ నెలే మానేశాను. ఆయన్ని తిట్టి మానేసి ఉంటే బాగుండేది. నమస్కారం పెట్టి మానేశాను. అదొక తప్పు.

పెద్ద తప్పు ముందుంది. దాన్ని చెప్పడానికే ఇంత చెప్పాను.

దత్తబాబు పన్నెండు బల్లలు

ఇందాలో దత్తబాబని ఒకాయన మేడ మీద కొత్త హోటల్ పెట్టాడు. కిటికీల పక్కన ఎత్తు బల్లలు, పొడుగు స్టూళ్లు, నల్ల గ్రానైట్ పలకలు. పట్నం మాదిరిగా ఉండాలన్నాడు. నేను కొలతలు తీసుకుని, ఈ గదికి ఎనిమిది బల్లలు పడతాయన్నాను. ఆయనకి పన్నెండు కావాలి. పన్నెండు పట్టాలంటే అడుగు ప్లేటు చిన్నదవ్వాలి, లేకపోతే స్టూలు కాళ్లు ప్లేట్ల మీద ఎక్కుతాయి. పదహారు అంగుళాలు చెయ్యమన్నాడు. అలా చేస్తే బోర్లాపడతాయన్నాను. ఆయన నవ్వి, "కిచ్ఛు హోబే నా, మిస్త్రీ" అన్నాడు. ఏమీ కాదు అని. ఈ మూడు ముక్కలు ఈ ఊళ్లో ఎన్ని కాళ్లు విరగ్గొట్టాయో నాకు తెలుసు.

నేను లేచి వచ్చేయాలి. రాలేదు. తెలివి ఉపయోగించాను. ప్లేటు చిన్నదయితే నేలకి బోల్టులు దింపుదాం, ఒక్కోదానికి నాలుగు, అప్పుడు కదలవు అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు. నేనూ గెలిచాననుకున్నాను.

ఆ హోటల్లో వడ్డించడానికి చేరినవాడు సూరన్న. మా వీధివాడే. చుట్టరికం లేదు గాని చిన్నప్పటినుంచి బావా బావా అనుకునేవాళ్లం. ఇరవై ఏళ్లు హోటళ్లలో వడ్డించాడు. ఎడమ చేతి మీద అయిదు ప్లేట్లు పెట్టుకుని మెట్లెక్కేవాడు. స్టాండ్లు దింపుతుంటే వచ్చి, ఒకదాన్ని వేలితో నెట్టి చూసి, నా మొహం చూశాడు.

"ఏటి బావా, ఇయి బల్లలేటి, పుట్టగొడుగులేటి?"

బోల్టులు వేస్తాం, కంగారు పడకన్నాను.

"ఎప్పుడేస్తావు?"

టైల్స్ పని అవగానే అన్నాను. టైల్స్ పని ఆలస్యమైంది. అయ్యేసరికి విశ్వకర్మ పూజ వచ్చింది.

పూజ రోజు

ఈ ఊరివాళ్లకి చెప్పనక్కర్లేదు, బయటివాళ్ల కోసం చెబుతున్నాను. విశ్వకర్మ పూజ నాడు ఇక్కడ పనిముట్టు ముట్టుకోరు. ముందురోజే సుత్తులు, పానాలు, డ్రిల్లు అన్నీ తుడిచి, నూనె రాసి, పసుపు కుంకుమ పెట్టి దేవుడి ముందు వరసగా పెడతారు. మర్నాడు పొద్దున్న దాకా అవి దేవుడివి. వర్క్‌షాపు తలుపులు ఆ రోజు ఇళ్లవాళ్లకి తెరుస్తారు. పెళ్లాంపిల్లలొచ్చి, మా ఆయన యంత్రం ఇదీ అని చూసుకుంటారు. ఆకాశం నిండా గాలిపటాలు. సాయంత్రం ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. దత్తబాబు తన హోటల్ తెరవడానికి ఆ సాయంత్రమే పెట్టుకున్నాడంటే వ్యాపారం తెలిసినవాడే.

మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేశాడు. టైల్స్ ఆరాయి, వచ్చి బోల్టులు వెయ్యి అన్నాడు. నేను మా షెడ్డులో పూజ దగ్గర ఉన్నాను. మా అప్పలస్వామి మామయ్య నా పక్కనే ఉన్నాడు. వర్క్‌షాపులో పోతపని చేసి రిటైరైన మనిషి, మా ఇంటి పెద్ద. ఆయన నా చేతిలో ఫోన్ చూసి, నా కళ్లు పానా వైపు వెళ్లడం చూసి, మెల్లగా అన్నాడు.

"దేవుడి కాడ ఎట్టిన పానా రేపొద్దున్నదాకా ముట్టుకోకురా. ఒక్క పూటకి ఏటైపోద్ది?"

నేను ఫోన్లో దత్తబాబుకి చెప్పాను. ఇవాళ ముట్టుకోను, రేపు పొద్దున్న ఆరింటికల్లా వస్తాను, ఈ సాయంత్రం ఎత్తు బల్లల దగ్గర ఎవరినీ కూర్చోబెట్టకండి, పక్కకి జరిపి ఉంచండి అన్నాను. ఠీక్ ఆఛే, సరేలే అన్నాడు. ఆయన ఆ మాట అంటున్నప్పుడే వెనకనుంచి గచ్చు మీద స్టూళ్లు ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. బల్లల చుట్టూ స్టూళ్లు వేస్తున్నారు. విన్నాను. విననట్టు ఫోన్ పెట్టేశాను.

ఇన్నేళ్ల తరవాత దత్తబాబుని తిట్టడం తేలిక. ఆయన తిట్టదగ్గవాడే. కాని ఆ చప్పుడు విన్నది నేను. పూజ నాకు అడ్డం రాలేదు, సాకుగా దొరికింది. వెళ్తే ఆయనతో పోట్లాడాలి, వందమంది ముందు బల్లలు తీయించాలి. దేవుడి చాటున కూర్చోవడం సుఖంగా ఉంది.

ఏడున్నరకి వర్క్‌షాపు మనుషులు అయిదుగురు ఒక బల్ల చుట్టూ చేరారు. పండగ హుషారు. సూరన్న పళ్లెంతో వస్తుంటే దారివ్వడానికి ఒకాయన ముందుకి జరిగి, అంచు మీద మోచెయ్యి ఆనించాడు. అంతే. ఆయన తాగలేదు, తుళ్లలేదు. వడ్డించేవాడికి దారిచ్చాడు. మర్యాద చేశాడు. బల్ల తిరగబడింది. గ్రానైట్ పలక అంచు సూరన్న ఎడం పాదం మీద పడింది.

ఆసుపత్రికి నేను వెళ్లేసరికి కట్టు కట్టారు. రెండు వేళ్లు తీసేశారు, పాదం ఎముక నలిగింది. నన్ను చూసి వాడు అరవలేదు, ఏడవలేదు. మామూలుగా అడిగాడు.

"నీ పూజ బాగా జరిగిందేటి, బావా?"

నేను మందుల చీటీ తీసుకుని బయటికి నడిచాను.

మామయ్యకి ఇంటికొచ్చి చెప్పాను. ఆయన దేవుడి గూట్లో దీపానికి నూనె పోస్తూ, "దేవుడడ్డొచ్చినాడేటి? నానే అడ్డొచ్చినాను" అన్నాడు. కాదు మామయ్యా, నేనే అని అనాల్సింది. అనలేదు. ఆ తప్పులో సగం ఆయన మొయ్యడం నాకు అనుకూలంగానే ఉంది.

ఎనిమిది

పొద్దున్న ఆరింటికి వెళ్లాను, చెప్పినట్టే. దత్తబాబు మెట్ల మీదే ఎదురై, కస్టమర్ ఆనుకున్నాడు మిస్త్రీ, ఏం చేస్తాం, బోల్టులు బిగించెయ్యి అన్నాడు. రాత్రంతా నిద్రలేదు నాకు. ఆ మాటతో చెవుల్లోంచి పొగలొచ్చాయి.

"దత్తబాబూ, ఆనుకోడానికి కాకపోతే ఆ ఎత్తున పలక ఎందుకు పెట్టించారు, పూజ చెయ్యడానికా?" అన్నాను.

బోల్టులు వెయ్యలేదు. పన్నెండు స్టాండ్లూ విప్పి కిందికి దింపించాను. బోల్టు మీద ఆధారపడి నిలబడే స్టాండు, బోల్టు వదులైన రోజు పడుతుంది. టైల్ కింద సిమెంటు గుల్లగా ఉంటే ఏడాది కూడా పట్టదు. ఈ సంగతి నాకు ముందూ తెలుసు. నా తెలివి అంతా ఆ తెలిసినదాన్ని దాచుకోడానికే పనికొచ్చింది. వారంలో ఇరవై రెండంగుళాల పోత ప్లేట్లతో ఎనిమిది స్టాండ్లు పెట్టాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు. కాని పలక పడి పగిలిన టైల్ అక్కడే ఉంది, ఊరంతా చూసింది, కాదనలేకపోయాడు.

సూరన్నని మాత్రం మళ్లీ తీసుకోలేదు. కుంటుతూ వడ్డిస్తే బాగుండదన్నాడు. కౌంటర్ దగ్గర కూర్చోబెట్టమని మూడుసార్లు తిరిగాను. మూడోసారి, నీకంత బాధగా ఉంటే నువ్వే పెట్టుకో అన్నాడు. దెప్పుడుగా అన్నాడు గాని అది సరైన మాటే.

సూరన్న చదువు చెప్పడం

సూరన్న నా షెడ్డుకి వచ్చాడు. వెల్డింగు రాదు, బరువు మోయలేడు. మొదటి రోజు స్టూలు మీద కూర్చుని నేను చేస్తున్న స్టాండు కేసి చూసి, దీన్ని ఎవడికోసం సేస్తన్నావు అని అడిగాడు. హోటల్ వాడికన్నాను.

"హోటలోడు దీనికాడ కూకోడు బావా. ఆడు కౌంటర్లో కూకుంటాడు. దీనికాడ కూకునేవోళ్లు నాకు తెలుసు, నీకు తెల్దు."

నిజం. అన్నేళ్లూ బల్లల కింద చూశాను గాని బల్లల చుట్టూ చూడలేదు. వాడు చెప్పడం మొదలుపెట్టాడు. పొడుగు స్టూలు మీద కూర్చున్న మనిషి కాళ్లు గాల్లో వేలాడితే పావుగంట ఉండలేడు. కాలు పెట్టుకోడానికి రింగు లేకపోతే స్టాండు పైపుకే కాలు తన్నిపెడతాడు. దిగేటప్పుడు బల్ల అంచు పట్టుకునే దిగుతాడు, బరువంతా దానిమీదే. ఆడవాళ్లు బరువైన సంచీ అంచుకి తగిలిస్తారు. పిల్లలు స్టూలు ఎక్కడానికి ముందు రింగు ఎక్కుతారు. నలుగురు ఒకే ఫోన్లో ఫొటో చూడాలంటే నలుగురూ ఒకే వైపుకి వచ్చి వాలుతారు. జోకు విన్నవాడు వెనక్కి వాలి, మళ్లీ ముందుకొచ్చి చేత్తో బల్ల చరుస్తాడు. ఊడ్చే మనిషి ఒక చేత్తో చీపురు పట్టుకుని రెండో చేత్తో బల్లని తోస్తుంది, అదీ పైన పట్టుకుని.

ఇవన్నీ వాడు చెప్పడమే కాదు, నటించేవాడు. సంచీ తగిలించుకున్న ఆవిడలా నడిచేవాడు. వెల్డింగు చేసేవాళ్లు పని ఆపి నవ్వేవాళ్లు. తరవాత ప్రతి స్టాండుకీ అదే పరీక్షయింది. పలక బిగించాక సూరన్న వచ్చి రెండు మోచేతులూ అంచు చివర ఆనించి, చెడ్డకాలు నేలమీంచి ఎత్తేవాడు. మంచికాలు మీద నిలబడి బరువంతా బల్ల మీద వేసేవాడు. కదిలితే తిట్టేవాడు. ఆ పరీక్ష దాటకుండా నా షెడ్డునుంచి ఎత్తు బల్ల ఏదీ బయటికి వెళ్లలేదు.

ఇంజనీర్లు కొందరు వచ్చి ఇది పరీక్షా అని నవ్వారు. నవ్వనివ్వండి. వాళ్ల కాగితంలో బల్ల ఉంది, ఆనుకునే మనిషి లేడు. మీరు స్టాండు కొనేటప్పుడు దుకాణదారు బ్రోచర్ ఇస్తే పక్కన పెట్టి, పలక బిగించి చూపించమనండి. మీ ఒంటి బరువుతో అంచు మీద వాలండి. వద్దు సార్ పడుతుంది అని వాడు పరిగెత్తుకొస్తే, అక్కణ్నుంచి నడవండి.

పానా

మరుసటి ఏడు విశ్వకర్మ పూజకి పనిముట్లన్నీ తుడిచి వరస పెట్టాను. పెద్ద పానా ఒకటి, ఆ అడుగు నట్టుకి సరిపోయేది, పెట్టలేదు. చొక్కా జేబులో ఉంచుకున్నాను. మామయ్య కుంకుమ పెడుతూ వరసలో ఖాళీ చూశాడు. నా జేబు చూశాడు. కుంకుమ గిన్నె పట్టుకుని పక్క పనిముట్టుకి జరిగాడు. ఆయన పోయేదాకా ప్రతి పూజకీ అలాగే జరిగింది. మా వీధిలో కొందరు తప్పు పట్టారు, అపచారమన్నారు. సూరన్న పాదం చూపించి అడుగుదామనుకున్నాను, ఏది అపచారం అని. వాడే వద్దన్నాడు, నా కాలు బొమ్మలకొలువేటి బావా, వచ్చినోళ్లందరికీ సూపించడానికి అన్నాడు.

పోయిన పూజకి నేను పని మానేసి రెండేళ్లు. మధ్యాహ్నం షెడ్డులో ప్రసాదం తింటుంటే మలంచాలో కొత్తగా తెరుస్తున్న కాఫీ దుకాణం నుంచి ఫోన్ వచ్చింది. స్టాండ్లు మావి కావు, ఎక్కడో ఆన్‌లైన్లో తెప్పించుకున్నవి. ఒక ఎత్తు బల్ల ఊగుతోంది, రేపు ఎవరినైనా పంపిస్తారా అని అడిగింది ఆ దుకాణం పెట్టిన అమ్మాయి. దుకాణం ఎప్పుడు తెరుస్తున్నావమ్మా అన్నాను. ఇవాళ అయిదింటికి అంది.

తమ్ముడి కొడుకు నా మొహం చూసి, పెదనాన్నా, మన సరుకు కాదు కదా, అందులోనూ పూజ, రేపెల్తాను లెండి అన్నాడు. ఇవాళ ఆనుకునేవాళ్లకి రేపు వెళ్తే ఏం లాభం? జేబులో పానా ఉంది. సూరన్న కర్ర తీసుకుని లేచాడు. ఇద్దరం ఆటో ఎక్కాం.

అక్కడ ఎత్తు బల్లలు మూడు, రెండింటికి పదహారంగుళాల ప్లేట్లే. ఆ రెండూ చూడగానే తీసి గోడ పక్కకి పెట్టించాను, ఇవి వెయ్యొద్దమ్మా, వెడల్పు ప్లేట్లు తెప్పించుకునేదాకా అని. ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. ఊగుతోందన్న మూడోది వెడల్పు ప్లేటే, నట్టు వదులు. బల్ల తిరగేయించి, పండగ నాడు, పసుపు లేని పానాతో, చెయ్యి నొప్పెట్టేదాకా బిగించాను. మీదికి లేపాం.

సూరన్న కర్ర గోడకి ఆనించాడు. రెండు మోచేతులూ అంచు చివర మోపి, రెండు వేళ్లు లేని పాదం నేలమీంచి ఎత్తి, అలాగే వేలాడాడు. బయట అప్పటికే నలుగురు అద్దంలోంచి లోపలికి చూస్తున్నారు. బల్ల కదల్లేదు.

"ఇప్పుడు తియ్యమ్మా తలుపు" అన్నాడు.